క్రిస్ హోయ్ గొప్పతనం కిలో రేసులోనా, కిలో పోయాకనా?

ఖాళీటైరు (తార్నాక) · శనివారం రాత్రి 9:40

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. రెండేళ్లుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో తొక్కుతోంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన సైకిల్ రేసుల ట్రాక్ అది. పైకప్పు లేదు కాబట్టి వాన పడితే సాధన ఉండదు. ఈ రోజు పొద్దుటి నుంచి వానే. ఇంట్లో కూర్చుని ఇద్దరం 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కిలోమీటర్ టైమ్ ట్రయల్ (పొట్టిగా కిలో) వీడియో చూశాం.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా. చివర్లో నలుగురు దిగ్గజాలు ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఆస్ట్రేలియా షేన్ కెల్లీ పాత ఒలింపిక్ రికార్డును దాటేశాడు. వెంటనే జర్మనీ స్టెఫాన్ నిమ్కె 1:01.186తో దాన్ని చెరిపేశాడు. ఆ వెంటనే ఫ్రాన్స్ ఆర్నో టూర్నాన్ 1:00.896. సముద్రమట్టం దగ్గరి ట్రాక్ మీద అప్పటివరకు ఎవరూ 61 సెకన్ల లోపు వెళ్లలేదు. అంతా అయ్యాక బ్రిటన్ జట్టులోని స్కాట్లాండ్ సైక్లిస్టు క్రిస్ హోయ్ వంతు. 1:00.711. స్వర్ణం.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న: "నాన్నా, వాళ్లు ముగ్గురూ రికార్డులు కొడుతుంటే ఆయన తన వంతు కోసం ఆ కుర్చీలో కూర్చుని ఏమి ఆలోచిస్తూ ఉండి ఉంటారు?"

నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. ఆయన కెరీర్ గురించి మీకు నచ్చిన ఘట్టమేదైనా ఉంటే అదీ రాయండి, తనకు చదివి వినిపిస్తాను.

---

పాతచైన్ (సికింద్రాబాద్) · శనివారం రాత్రి 10:15

అమ్మాయి ప్రశ్నకు జవాబుంది. ఏథెన్స్‌కు ముందు బ్రిటన్ జట్టుతో స్టీవ్ పీటర్స్ అనే మానసిక వైద్యుడు పనిచేసేవారు. ఆయన హోయ్‌ను సరిగ్గా ఇదే అడిగారట: నీకు ముందు వెళ్లినవాడు ప్రపంచ రికార్డు కొడితే ఏమి చేస్తావు? అప్పటి నుంచి అవతలివాళ్ల సమయం మనసులోకి రాగానే దాన్ని పక్కకు తోసి, తన రేసును మొదటి తొక్కు నుంచి చివరి గీత దాకా కళ్ల ముందు తిప్పుకోవడం హోయ్ అభ్యాసం చేశారు. రోజూ, నెలల తరబడి. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్న మనిషి అప్పటికే ఎన్నో వందల సార్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక కిలో గురించి. ఉత్త సంఖ్యలు చూస్తే ఆ రేసు అర్థం కాదు. నిలబడ్డ చోటి నుంచి బయలుదేరి ఒంటరిగా వెయ్యి మీటర్లు. తరమడానికి ముందు ఎవరూ ఉండరు, భయపెట్టడానికి వెనక ఎవరూ ఉండరు. పరుగులో వంద మీటర్లు ఊపిరి బిగబట్టి అయినా లాగేయవచ్చు. నాలుగు వేల మీటర్ల పర్స్యూట్‌లో బలాన్ని పంచుకుంటూ పోవచ్చు. కిలోలో రెండూ కుదరవు. మూడో చుట్టు సగానికి వచ్చేసరికి తొడల్లో కరిగిన సీసం పోసినట్టుంటుంది, ఇంకా పదిహేను ఇరవై సెకన్ల రేసు మిగిలి ఉంటుంది.

నేను ఉస్మానియా ట్రాక్ మీద ఒక్కసారే పోటీలో కిలో తొక్కాను. 2003 వేసవి, అరువు సైకిల్. గీత దాటాక ఆపడం చేతకాలేదు. మా అన్నయ్య లోపలివైపు నుంచి పరుగెత్తుకొచ్చి సీటు పట్టుకుని ఆపాడు. పెడల్ పట్టీ విప్పుదామంటే చేతి వేళ్లు వంగలేదు, అదీ ఆయనే విప్పాడు. ఆ తర్వాత కాలుతున్న సిమెంటు మీద వెల్లకిలా పడుకున్నాను. వీపు మండుతోందని తెలుస్తూనే ఉంది, లేవబుద్ధి కాలేదు. సమయం ఎంత అని మాత్రం అడగకండి.

---

కొత్తపెడల్ (మియాపూర్) · శనివారం రాత్రి 10:31

మన్నించాలి, తెలియక అడుగుతున్నాను. ఆపడం చేతకాలేదంటే ఏమిటి? బ్రేకులు ఉండవా?

---

పాతచైన్ · శనివారం రాత్రి 10:38

ఉండవు. ఒకే గేరు, ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, పెడళ్లు తిరిగినంతసేపూ మీ కాళ్లు తిరుగుతాయి. వేగం తగ్గాలంటే వెనక్కి ఒత్తిపట్టాలి, లేదా వాలు మీదకు ఎక్కించి ఊపు పోగొట్టాలి. అందరూ ఒకే దిశలో పోయే చోట హఠాత్తుగా బ్రేకు వేసేవాడే అందరికన్నా ప్రమాదకరం కాబట్టి ఆ ఏర్పాటు. ఆ సైకిల్‌ను దయచేసి అమీర్‌పేట రోడ్డు మీదకు తీసుకురాకండి.

---

గండిపేటగాలి (నార్సింగి) · శనివారం రాత్రి 11:05

అందరూ హారతి పడుతున్నారు కాబట్టి నేను కాస్త నీళ్లు చల్లుతాను. హోయ్ గొప్పవాడే, కాదనను. కానీ ఆయన సరైన దేశంలో సరైన సంవత్సరంలో కాలేజీ వయసుకు వచ్చాడు. మాంచెస్టర్‌లో ఇండోర్ ట్రాక్ 1994లో వచ్చింది. 1997 నుంచి జాతీయ లాటరీ డబ్బు అక్కడి క్రీడాకారులకు అందడం మొదలైంది. కోచ్‌లు, గాలి సొరంగాలు, చర్మంలా అంటుకునే దుస్తులు, మీరు పైన చెప్పిన మానసిక వైద్యుడు, అన్నీ ఆ డబ్బుతోనే. 2000 సిడ్నీలో ఆయనది టీమ్ స్ప్రింట్ (ముగ్గురు కలిసి తొక్కే జట్టు రేసు) రజతం, 2008 బీజింగ్‌లో మూడు స్వర్ణాలు. మధ్యలో పెరిగింది కాళ్ల బలం ఒక్కటే కాదు.

మన దగ్గర? ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం చెక్క ట్రాక్ కట్టారు. ఆ తర్వాతనే కదా మనవాళ్లు 2019లో జర్మనీలో జూనియర్ ప్రపంచ టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచింది. ఈసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్. ఆ రొనాల్డోయే 2022లో ఢిల్లీలో ఆసియా స్ప్రింట్ రజతం తెచ్చాడు. పైకప్పు ఉన్న ట్రాక్ ఇస్తే కాళ్లు వాటంతటవే వస్తాయి.

---

లెక్కలమాస్టారు (నల్లకుంట) · ఆదివారం ఉదయం 5:50

గండిపేటగాలి గారూ, పైకప్పు మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. హోయ్ ట్రాక్ నేర్చుకున్నది ఎడింబరోలోని మెడోబ్యాంక్‌లో. 1970 కామన్వెల్త్ క్రీడల నాటి చెక్క ట్రాక్, నెత్తిన కప్పు లేదు. స్కాట్లాండ్ వాతావరణం మీకు తెలియనిది కాదు. చినుకు పడితే ఇంటికే. తార్నాక పాప నిన్న వానలో ఇంట్లో కూర్చుంది చూడండి, ఆ బాధ ఆయనకు బాగా తెలుసు.

పైగా ఆ మనిషి నేరుగా ట్రాక్‌కు వచ్చినవాడు కాదు. చిన్నప్పుడు బీఎంఎక్స్. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు మట్టి దిబ్బల మీద ఎగిరి, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లాడు. తర్వాత పడవ పోటీల్లో స్కాట్లాండ్ జూనియర్లకు తెడ్డు వేశాడు. కళాశాలలో మొదట గణితం, భౌతికశాస్త్రం చేరి రెండేళ్లకు వదిలేసి క్రీడాశాస్త్రం చదివాడు. గణితం వదిలేసినందుకు నేను ఇంకా క్షమించలేదు.

ఇక నా మనసులో నిలిచిన ఘట్టం స్వర్ణం కాదు, ఓటమి. 2007 మేలో బొలీవియాలోని లా పాజ్‌లో కిలో ప్రపంచ రికార్డు కోసం ప్రయత్నించాడు. ఆ వెలోడ్రోమ్ సముద్రమట్టానికి 3,400 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి మన దగ్గర కన్నా దాదాపు 30 శాతం పలుచన. సైకిల్ తొక్కేవాడు అంత వేగంలో తన బలంలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చు పెడతాడు కాబట్టి ఇది పెద్ద లాభం. నష్టమేమిటంటే ఊపిరికి అందే ప్రాణవాయువూ ఆ మేరకే తగ్గుతుంది. నిమిషంలో ముగిసే పని కాబట్టి లాభమే గెలుస్తుంది, కానీ ముగిశాక మనిషిని పలకరించలేము.

రికార్డు టూర్నాన్‌ది, 2001లో అదే ట్రాక్ మీద 58.875. హోయ్ తొక్కింది 58.880.

సెకనులో వెయ్యింట అయిదు వంతుల తేడా. ఎంత దూరమో చూద్దాం. వెయ్యి మీటర్లను 58.88తో భాగిస్తే సగటున సెకనుకు 16.98 మీటర్లు. దాన్ని 0.005తో గుణిస్తే 8.5 సెంటీమీటర్లు. మీ చూపుడు వేలు చాచి చూసుకోండి. అంతే. అర భూగోళం అవతల నుంచి సైకిళ్లు, మనుషులు, గడియారాలు మోసుకుని అక్కడికి వెళ్లి ఒక వేలెడు దూరంలో ఓడిపోయాడు.

---

పాతచైన్ · ఆదివారం ఉదయం 6:20

మాస్టారూ, ఆ యాత్రలోనే 500 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే వేగం అందుకుని గీత దాటడం) రికార్డు పట్టుకొచ్చారని కూడా చెప్పాలి. 24.758. అంతకుముందున్న రికార్డు కన్నా సెకనుకు పైగా తక్కువ. గంటకు 72 కిలోమీటర్ల పైచిలుకు వేగం, కాళ్లతో.

---

లెక్కలమాస్టారు · ఆదివారం ఉదయం 6:24

చెప్పాను కదా, నా మనసులో నిలిచింది వేలెడు దూరం.

---

ఖాళీటైరు · ఆదివారం ఉదయం 8:10

అమ్మాయి స్కేలు తెచ్చుకుని 8.5 సెంటీమీటర్లు గీసి గోడకు అంటించింది. మాస్టారూ, మా గోడ పాడయింది, ధన్యవాదాలు.

ఒక సందేహం. 2004లో ఒలింపిక్ స్వర్ణం వచ్చాక 2007లో ఈ రికార్డు వెంట అంత పడటం ఎందుకు? 2008లో మళ్లీ ఒలింపిక్ కిలో ఉండగా?

---

పాతచైన్ · ఆదివారం ఉదయం 8:45

అదే కదా అసలు కథ. లేదు. 2008లో కిలో లేదు.

2005లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒలింపిక్స్ నుంచి కిలోను తీసేసింది. బీజింగ్‌లో బీఎంఎక్స్ చేర్చాలి, దానికి చోటు కావాలి. ట్రాక్ నుంచి రెండు పోటీలు కోసేశారు, పురుషుల కిలో, మహిళల 500 మీటర్లు. హోయ్ చిన్నప్పుడు తొక్కిన బీఎంఎక్సే వచ్చి ఆయన పెద్దయ్యాక గెలిచిన పోటీని మింగింది. ఇలా కథ రాస్తే అతిగా ఉందని కొట్టేస్తాం.

అప్పటికి ఆయనకు 29 ఏళ్లు. వృత్తి పరంగా చూస్తే ఒక్క పనిలో నిష్ణాతుడు: ఒంటరిగా, గడియారంతో, నిమిషం పాటు. ఆయనలాంటి వేగం మనుషులకు మిగిలిన రెండు వ్యక్తిగత పోటీలు స్ప్రింట్, కీరిన్. అవి గడియారంతో కాదు, మనుషులతో ఆడే ఆటలు. స్ప్రింట్‌లో ఇద్దరే. మొదటి చుట్టులో నడిచినంత నెమ్మదిగా పోతూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఎవరు ముందు దూకితే వెనకవాడికి గాలి చాటు దొరుకుతుంది. కీరిన్‌లో అప్పట్లో 250 మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది చుట్లు. ముందు మోటారు బండి ఒకటి వేగం పెంచుకుంటూ దారి తీస్తుంది, చివరి రెండున్నర చుట్ల ముందు పక్కకు తప్పుకుంటుంది, ఇక భుజాలు భుజాలు రాసుకోవడమే. జపాన్‌లో 1948 నుంచి పందేలు కాస్తూ నడుస్తున్న ఆట అది. మన కోడిపందేలకు చదువుకున్న తమ్ముడు.

ముప్పై దగ్గర పడుతున్న మనిషి ఆ రెండూ మొదటి నుంచి నేర్చుకున్నాడు. 2007లో కీరిన్ ప్రపంచ విజేత. 2008లో మాంచెస్టర్‌లో స్ప్రింట్ ప్రపంచ విజేత. ఆ టైటిల్ బ్రిటన్ పురుషుడికి 1954లో రెగ్ హారిస్ తర్వాత మళ్లీ అప్పుడే. ఆగస్టులో బీజింగ్‌లో టీమ్ స్ప్రింట్, కీరిన్, స్ప్రింట్, మూడు స్వర్ణాలు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు గెలిచిన బ్రిటన్ క్రీడాకారుడు అంతకుముందు 1908లో ఈతగాడు హెన్రీ టేలర్. సరిగ్గా నూరేళ్లు.

కిలో తీసేయకపోతే ఆయన కిలోలోనే ఉండిపోయేవారేమో, ఇంకో స్వర్ణం గెలిచి హాయిగా విరమించేవారేమో. అందుకే అంటాను, ఆయన గొప్పతనం కిలో పోయాకే.

---

గండిపేటగాలి · ఆదివారం ఉదయం 9:30

సరే, ఇది ఒప్పుకుంటాను. డబ్బు కోచ్‌ను కొనిపెడుతుంది, ముప్పై ఏళ్లకు ఓనమాలు దిద్దే ఓపికను కొనిపెట్టదు. అయినా 2012 లండన్ సంగతి ఎవరూ ఎత్తరేమిటి? టీమ్ స్ప్రింట్ అర్హత రౌండులో ఫిలిప్ హిండెస్ బయలుదేరగానే కింద పడ్డాడు, మళ్లీ స్టార్ట్ ఇచ్చారు, చివరికి హిండెస్, కెన్నీ, హోయ్ 42.600 ప్రపంచ రికార్డుతో గెలిచారు. ఆ తర్వాత హిండెస్ స్వయంగా, ఆరంభం బాగా రాలేదని కావాలనే పడ్డానని చెప్పాడు. తర్వాత మాట సరిదిద్దుకున్నాడనుకోండి. హోయ్ ఆరు స్వర్ణాల్లో ఒకటి ఆ స్టార్ట్ మీద ఉంది.

---

నీలిగీత (ఉప్పల్) · ఆదివారం ఉదయం 10:50

ఆ పతకం మీద అభ్యంతరం పెట్టిన జట్టు లేదు, ఫలితం నిలిచింది. పడినా లేచినా నిబంధన అనుమతించింది, నిబంధనే పిచ్చిది. దాని కోసం ఇక్కడ యుద్ధం వద్దు. నాకు వేరే మాట చెప్పాలని ఉంది, రాత్రి నుంచి చదువుతూ ఆగలేకపోతున్నాను.

పాతచైన్ గారు "రెండు పోటీలు కోసేశారు" అని రాసి, ఒకదాని గురించి పది వాక్యాలు రాశారు. రెండోదాని గురించి నాలుగు మాటలు. మహిళల 500 మీటర్లు. ఏథెన్స్‌లో అది గెలిచిన అమ్మాయి ఆస్ట్రేలియాకు చెందిన అన్నా మియర్స్. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

కిలో పోయినప్పుడు హోయ్ ముందు మూడు తలుపులు తెరిచి ఉన్నాయి: స్ప్రింట్, కీరిన్, టీమ్ స్ప్రింట్. మియర్స్ ముందు? బీజింగ్‌లో మహిళలకు కీరిన్ లేదు. టీమ్ స్ప్రింట్ లేదు. స్ప్రింట్ ఒక్కటే. ట్రాక్ మీద మొత్తం పురుషులకు ఏడు పోటీలు, మహిళలకు మూడు. హోయ్ మూడు స్వర్ణాలు తెచ్చిన చోట, అదే జట్టులోని విక్టోరియా పెండిల్టన్‌కు గెలవడానికి ఉన్నదే ఒకటి, అది గెలిచింది. నూరేళ్లకు మళ్లీ మూడు స్వర్ణాలంటూ లెక్కలు తీసేటప్పుడు హారం కూడా చూడాలి కదా మాస్టారూ.

మియర్స్ సంగతి చూడండి. 2008 జనవరిలో లాస్ ఏంజెలిస్ ప్రపంచ కప్పులో పడి మెడ ఎముక చిట్లింది. ఏడు నెలలకు బీజింగ్‌లో స్ప్రింట్ రజతం. 2012లో లండన్‌లో, పెండిల్టన్ సొంతగడ్డ మీద, ఆమెను ఓడించి స్ప్రింట్ స్వర్ణం. ఆ లండన్‌లోనే మొదటిసారి ట్రాక్ మీద పురుషులకూ మహిళలకూ చెరి అయిదు పోటీలు ఇచ్చారు.

ఇంత కోపం ఎందుకంటే, నాకూ జరిగింది. పదహారేళ్లప్పుడు ఒక ఎంపిక పోటీకి వెళ్లాను. పేరు అనవసరం. ఏడాదంతా 500 మీటర్లకే తయారయ్యాను. పొద్దున ఆరింటికి సైకిల్ బిగించుకుంటుంటే ఒకాయన అట్టకు కాగితం పెట్టుకుని వచ్చి, బాలికల్లో ఎంట్రీలు ఇద్దరే ఉన్నాయమ్మా, మీ పోటీ లేదు అన్నారు. మా ఇద్దరిలో ఎవరైనా గెలుస్తారు కదండీ అంటే నవ్వారు. మా నాన్న స్కూటరు మీద ఉప్పల్ దాకా వెనక్కి వచ్చాం, చక్రాలు నా ఒళ్లో, ఫ్రేము మా నాన్న కాళ్ల దగ్గర. దారంతా ఒక్క మాట లేదు. తర్వాత నేను తొక్కలేదు.

హోయ్ గొప్పవాడే. మూడు తలుపులనూ తట్టి మూడింటినీ తెరిచాడు. ఆ మూడూ ఆయనకు ఉన్నాయన్నదీ రాయండి అంటున్నాను.

---

పాతచైన్ · ఆదివారం ఉదయం 11:30

అమ్మా, తప్పు నాదే. నాలుగు మాటలతో దాటేశాను. అమ్మాయిలకు శిక్షణ ఇచ్చేవాణ్ణి అయి ఉండి నాకే తట్టలేదు.

---

లెక్కలమాస్టారు · ఆదివారం ఉదయం 11:52

హారం సంగతి ఒప్పుకుంటున్నాను. మూడులో మూడు, ఒకటిలో ఒకటి. నిష్పత్తి సమానమే. పత్రికలో అచ్చయ్యేది మాత్రం లవం ఒక్కటే.

---

నిర్వాహకుడు · మధ్యాహ్నం 12:15

హిండెస్ గురించి గండిపేటగాలి గారు వేరే చర్చ మొదలుపెట్టుకోవచ్చు. ఇక్కడ హోయ్ కెరీర్ మీదే ఉందాం.

---

కొత్తపెడల్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

నేను నిన్నటి నుంచి వీడియోలు చూస్తున్నాను, భోజనం కూడా చల్లారిపోయింది. లండన్ కీరిన్ ఫైనల్ చివరి చుట్టులో జర్మనీ ఆటగాడు దాటేశాడు కదా. ఓడిపోయాడనే అనుకున్నాను. మళ్లీ ఎలా వచ్చాడు? బలం ఎక్కడ దాచుకున్నాడు?

---

నీలిగీత · ఆదివారం మధ్యాహ్నం 2:05

బలం దాచుకోవడం కాదు, చోటు వదలకపోవడం. ట్రాక్ అడుగున నల్ల గీత ఉంటుంది, దూరం కొలిచేది దాని మీదే. కాస్త పైన ఎర్ర గీత. ఆ రెండింటి నడుమ సందులో ముందు ఉన్నవాడిదే హక్కు, వెనకవాడు దాటాలంటే పైనుంచి చుట్టి రావాలి. మాక్సిమిలియన్ లెవీ అలా పైనుంచి వచ్చి దాటాడు. హోయ్ లోపలి గీతను అంటిపెట్టుకునే ఉన్నారు. మలుపులో బయట ఉన్నవాడు ఎక్కువ దూరం తొక్కాలి. లెవీ ముందున్నాడు కానీ కిందికి దిగి సందు మూసేయలేకపోయాడు, ఎందుకంటే అక్కడ హోయ్ చక్రం ఉంది. మలుపు తిరిగేలోగా లోపలి నుంచి మళ్లీ పక్కకు వచ్చి, గీత ముందరి ఆఖరి తిన్నని దారిలో ముందుకు దూకారు. ముప్పై ఆరేళ్ల కాళ్లతో. ఆ రేసులో కాంస్యం ఇద్దరికి పంచారు, విడదీయలేక.

ఆ స్వర్ణంతో ఆరు. పడవ పోటీల స్టీవ్ రెడ్‌గ్రేవ్ గెలిచిన అయిదు స్వర్ణాలను దాటేశారు. ఆ లండన్‌లో స్ప్రింట్‌కు ఒక దేశం నుంచి ఒక్కరే అన్న నిబంధన వల్ల జట్టు ఆ చోటును యువకుడు జేసన్ కెన్నీకి ఇచ్చింది. బీజింగ్ ఫైనల్లో హోయ్ చేతిలో ఓడిన ఆ కెన్నీయే గెలిచాడు. తర్వాత టోక్యోలో ఏడో స్వర్ణంతో హోయ్‌నూ దాటేశాడు.

---

గండిపేటగాలి · ఆదివారం సాయంత్రం 4:40

పొద్దున్నే నానక్‌రామ్‌గూడ నుంచి కొల్లూరు వైపు సోలార్ కప్పు కింది సైకిల్ ట్రాక్ మీద వెళ్లివచ్చాను. 23 కిలోమీటర్ల ట్రాక్, నెత్తిన నీడ, పక్కన ఔటర్ రింగ్ రోడ్డు లారీలు. అక్కడ నా ముందు ఒక పాప చిన్న సైకిల్‌తో నన్ను దాటనివ్వకుండా లోపలి గీత పట్టుకుని పోయింది. అప్పటికే నీలిగీత గారి టపా చదివి ఉంటే అర్థమయ్యేది.

విరమణ తర్వాత సంగతి కూడా చెప్పండి ఎవరైనా. 2013లో ఆపేశారు, మరుసటి ఏడాది గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు ఆయన పేరు పెట్టిన వెలోడ్రోమ్‌లోనే ఉన్నా అప్పటిదాకా వేచి ఉండలేదు కదా. తన పేరున్న ఇంట్లో తను తొక్కకుండా ఉండటం ఎలా ఉంటుందో.

---

పాతచైన్ · ఆదివారం సాయంత్రం 5:30

కార్ల రేసులకు వెళ్లారు. 2016లో ల మాన్స్ 24 గంటల రేసు పూర్తి చేశారు, మొత్తం మీద 17వ స్థానం. నిమిషం మనిషి ఇరవై నాలుగు గంటలకు వెళ్లాడు.

తర్వాతిది రాయాలా వద్దా అని అనుకుంటున్నాను. అమ్మాయి చదువుతోంది కదా. అయినా పెద్ద పత్రికలన్నింటిలో వచ్చిందే. 2023లో భుజం నొప్పి అని చూపించుకుంటే అది క్యాన్సర్ అని తేలింది. ప్రోస్టేట్‌లో మొదలై ఎముకలకు పాకిన నాలుగో దశ. అప్పటికి 47 ఏళ్లు. రెండు నుంచి నాలుగేళ్లు బతుకుతారని వైద్యులు అన్నారని 2024 అక్టోబరులో ఆయనే బయటపెట్టారు. తండ్రికీ, తాతకూ అదే జబ్బు వచ్చింది. ఇంట్లో అలా ఉన్నవాళ్లు ముందే పరీక్ష చేయించుకోండి అని అప్పటి నుంచి చెబుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరులో గ్లాస్గోలో నాలుగో దశ రోగులతో కలిసి సైకిల్ యాత్ర నడిపారు, దాని పేరులోనే ఆ నాలుగు అంకె పెట్టారు.

---

లెక్కలమాస్టారు · ఆదివారం సాయంత్రం 6:10

మా నాన్నగారు పోయింది దానితోనే. నాకు 66. ఇన్నాళ్లూ రక్తపరీక్ష అంటే మధుమేహానికి మాత్రమే చేయించుకున్నాను. మా అబ్బాయికి 41, వాడికి ఈ టపా పంపాను. "నాన్నా, మీరు ముందు చేయించుకుంటే నేనూ చేయించుకుంటాను" అన్నాడు. రేపు పొద్దున పరగడుపున ఇద్దరం వెళ్తున్నాం. ప్రయోగశాలవాళ్లు పరగడుపు అక్కర్లేదన్నారు, అయినా అలవాటు.

---

ఖాళీటైరు · ఆదివారం రాత్రి 8:50

మాస్టారూ, ఫలితం రాగానే ఇక్కడ చెప్పండి.

అమ్మాయి అంతా చదివింది. క్యాన్సర్ సంగతి చదివి కాసేపు మాట్లాడలేదు. నీలిగీత గారి స్కూటరు సంగతి మాత్రం రెండుసార్లు చదివి, "ఆ అక్క ఇప్పుడు వస్తుందా నాన్నా వెలోడ్రోమ్‌కి?" అని అడిగింది. అడగమంది కాబట్టి అడుగుతున్నాను.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నాలుగింటికల్లా ట్రాక్ ఆరిపోయింది, మలుపు దగ్గర కాస్త తడి మాత్రం ఉంటే గుడ్డతో తుడిచాను. 500 మీటర్లు తొక్కుతానంది. నిలబడి బయలుదేరాలి కాబట్టి ఎవరో ఒకరు సీటు పట్టుకోవాలి. నేనే పట్టుకున్నాను. ముందు చక్రం గీత మీద, హ్యాండిల్ కింది వంపులో చేతులు, మోచేతులు బిగుసుకున్నాయి. "మూడు, రెండు, ఒకటి" అని తనే లెక్కపెట్టుకుంది. పద్నాలుగేళ్ల పిల్ల వీపు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. ఒక్కసారిగా ముందుకు లాగింది, నా చేయి సీటుతో పాటు రెండడుగులు వెళ్లింది.

దిగాక సమయం అడగలేదు. "వదలడం ఆలస్యం చేశావు" అని తిట్టింది.

---

నీలిగీత · ఆదివారం రాత్రి 9:15

వచ్చే ఆదివారం వస్తాను. నా సైకిల్ అటక మీద ఉంది, టైర్లు పనికిరావు. సీటు పట్టుకోవడానికైతే వస్తాను.

---

లెక్కలమాస్టారు · ఆదివారం రాత్రి 9:22

ఎంత ఆలస్యం చేశారు?

---

ఖాళీటైరు · ఆదివారం రాత్రి 9:25

అర సెకను ఉంటుంది. దయచేసి మీటర్లలోకి మార్చకండి మాస్టారూ, గోడ మీద ఇంకా చోటు ఉంది.